షీటు మీద 710 ముద్ర: ప్లైవుడ్‌లో నీళ్లకు ఆగేది ఏది, ఆగనిది ఏది

విశాఖలో మధురవాడలోనో పెందుర్తిలోనో కొత్తగా ఫ్లాట్ తీసుకున్నవాళ్లకి రిజిస్ట్రేషన్ టెన్షన్ తీరగానే వుడ్‌వర్క్ టెన్షన్ మొదలవుతుంది. "సముద్రం ఊరండీ ఇది, ఇల్లంతా 710 వేయించుకోండి, లేకపోతే నిలవదు" అంటాడు కార్పెంటర్ మేస్త్రి. "బెడ్‌రూముకి ఎంఆర్ చాలు సార్, 710 దండగ" అంటారు మాడ్యులర్ షోరూమ్‌లో. (710 అంటే మరిగే నీళ్లకు ఆగే జిగురుతో చేసిన మెరైన్ ప్లైవుడ్, ఎంఆర్ అంటే గాలిలో చెమ్మని తట్టుకునే మామూలు రకం.) పక్క ఫ్లాట్ ఆయన వచ్చి అసలు ప్లైవుడ్డే మానేసి పీవీసీ బోర్డు పెట్టించుకోమని సలహా ఇచ్చి వెళ్తాడు. దీనికి తోడు, ప్లైవుడ్‌కి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు 2025 ఫిబ్రవరి నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. ఆ మార్కు ఉంటే ఇక వేరే ఏమీ చూడక్కర్లేదా అని అడిగేవాళ్లు పెరిగారు.

ఈ గందరగోళమంతా చాలావరకు ఒకే చోట పుడుతోంది. ప్లైవుడ్ నీళ్లకు తట్టుకుంటుందా అని మనం ఒక్క ముక్కలో అడుగుతాం. కానీ లోపల జిగురు వేరుగా, చెక్క వేరుగా, చెక్కకి పట్టించిన మందు వేరుగా, కోసిన అంచు వేరుగా నీళ్లకు స్పందిస్తాయి. ఈ నాలుగింటినీ విడదీసి చూస్తే మేస్త్రి మాటలో ఎంత నిజం ఉందో, షోరూమ్ మాటలో ఎంత ఉందో తెలుస్తుంది.

దుంగ నుంచి షీటు దాకా

ప్లైవుడ్ ఫ్యాక్టరీలో దుంగని నిలువుగా పలకలుగా కోయరు. నీళ్లలో నానబెట్టో ఆవిరి పట్టించో మెత్తబరిచి, లేత్ మీద గిరగిరా తిప్పుతూ పొడవాటి కత్తిని ఆనిస్తారు. చుట్టిన చాపని విప్పినట్టు దుంగ పల్చటి పొరగా విడివడుతుంది. ఆ పొరే వెనీర్. దాన్ని ఆరబెట్టి, జిగురు పూసి, ఒక పొర నార నిలువుగా ఉంటే తర్వాతి పొర నార అడ్డంగా వచ్చేలా పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. పొరల సంఖ్య మామూలుగా బేసిగా ఉంటుంది. మధ్య పొరకి అటూ ఇటూ ఒకే రకమైన లాగుడు ఉంటే షీటు వంగిపోదు.

ఈ అడ్డం నిలువు పేర్పు ఎందుకో విశాఖ వాతావరణంలోనే బాగా అర్థమవుతుంది. గాలిలోని తేమని బట్టి చెక్క చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. ఏసీ వేసుకున్న గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే చెక్కలో చెమ్మ సుమారు 9 శాతం దగ్గర నిలబడుతుంది. వానాకాలంలో బయటి తేమ 80 శాతానికి చేరితే అది 15 శాతం దాకా వెళ్తుంది. అంటే 6 శాతం తేడా. అడుగు వెడల్పున్న టేకు పలక ఈ తేడాకి అడ్డంగా సుమారు 3 మిల్లీమీటర్లు ఉబ్బగలదు. వానాకాలంలో పాత ఇళ్ల తలుపులు బిగుసుకుపోయేది ఇందుకే. పొడవు దిశలో మాత్రం చెక్క దాదాపు కదలదు. ప్లైవుడ్‌లో ప్రతి పొర ఉబ్బాలని చూసే దిశలోనే పక్క పొర కదలకుండా పట్టుకుని ఉంటుంది. అందుకని అదే అడుగు వెడల్పులో మార్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ఒకే పలక పగలకుండా, వంకర పోకుండా దొరకడం చెట్టు నుంచి నేరుగా అయ్యే పని కాదు.

మన దేశంలో ఈ పరిశ్రమ మొదట్లో బతికింది తేయాకు పెట్టెల మీద. ఇప్పుడు కిచెన్ కప్‌బోర్డుల నుంచి లారీల ఫ్లోరింగ్ దాకా, వినాయక చవితి స్టేజీల నుంచి స్లాబు సెంట్రింగ్ దాకా అన్నిచోట్లా ఉంది. సెంట్రింగ్‌కి వాడే నల్లటి, నున్నటి ఫిల్మ్ అతికించిన షీటుకి వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 4990. ఫ్లష్ డోర్లకి ఐఎస్ 2202. కప్‌బోర్డుల విషయంలో మనకి ఎదురయ్యేవి ప్రధానంగా రెండు, ఐఎస్ 303, ఐఎస్ 710.

ఉడకబెట్టి ఇచ్చే గ్రేడు

ఐఎస్ 303 సాధారణ అవసరాల ప్లైవుడ్‌ది. షాపుల్లో వినపడే ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్), బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) అనే రెండు గ్రేడులూ దీని కింద వాడుకలోకి వచ్చినవే. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌ది. దీన్నే బీడబ్ల్యూపీ (బాయిలింగ్ వాటర్ ప్రూఫ్) అంటారు. మూడింటికీ అసలు తేడా జిగురులో ఉంది.

ఎంఆర్‌లో మామూలుగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. చవక, త్వరగా గట్టిపడుతుంది. గాలిలో చెమ్మని తట్టుకుంటుంది, కానీ నీళ్లు నిలిచి, అందులో వేడి కూడా తోడైతే విడిపోతుంది. 710లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు. ఒకసారి గట్టిపడ్డాక మరిగే నీళ్లు కూడా దాన్ని కరిగించలేవు. కోసిన అంచుని వెలుతురులో పెట్టి చూస్తే పొరల మధ్య ముదురు గోధుమ రంగులో సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి ఈ జిగురు గీతలే. యూరియా జిగురు గీత పాలిపోయి ఉంటుంది. అయితే రంగు కలపడం పెద్ద పనేమీ కాదు కాబట్టి గీత రంగు ఒక్కటే రుజువుగా పనికిరాదు.

పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే గ్రేడు అర్థం తెలుస్తుంది. ఎంఆర్ ముక్కని 60 డిగ్రీల వేడి నీళ్లలో 3 గంటలు ఉంచి ఆరబెడతారు, ఇలా మూడు విడతలు. బీడబ్ల్యూఆర్‌ని మరిగే నీళ్లలో గంటల తరబడి ఉడికించి, ఆరబెట్టి, మళ్లీ ఉడికిస్తారు. 710ని ఏకంగా 72 గంటలు ఉడికిస్తారు. తర్వాత పొరల మధ్య కత్తి దూర్చి బలంగా పెకలిస్తారు. ఊడిన చోట జిగురు నున్నగా బయటపడితే ఫెయిల్. చెక్క నార చిరిగి జిగురుకి అంటుకునే ఉంటే పాస్. అంటే చెక్క చిరగాలి గానీ జిగురు ఊడకూడదు. ఈ పరీక్ష అడుగుతున్నది జిగురు సంగతే.

కొంతమంది కొనేముందు చిన్న ముక్కని ప్రెషర్ కుక్కర్లో ఉడికించి చూస్తారు. ఎంఆర్‌ని 710 అని అంటగడితే బయటపెట్టడానికి ఇది చాలావరకు పనికొస్తుంది. కానీ షాపులో ఇచ్చిన శాంపిల్ ముక్కే ఇంటికి వచ్చిన షీటు అని నమ్మకం లేదు. ఒకటి రెండు గంటల ఉడుకు 72 గంటల ఉడుకుతో సమానం కూడా కాదు.

జిగురు నిలిచినా చెక్క నిలవని చోట

ఇక్కడే ఎక్కువమంది మోసపోయామని అనుకుంటారు. డబ్బు పెట్టి 710 వేయించాక కూడా సింకు కింద డోరు అడుగున అంచు ఉబ్బుతుంది, సన్‌మైకా మూల లేస్తుంది, గోరుతో గీకితే నల్లటి పొడి రాలుతుంది. చాలాసార్లు అక్కడ పొరలు విడిపోయి ఉండవు. జిగురు తన పని చేసింది. చెక్క మాత్రం చెక్కలాగే నీళ్లు తాగింది.

నార ఉన్న దిశలో చెక్క నీళ్లని ఎన్నో రెట్లు వేగంగా లాగుతుంది. షీటు ముఖం మీద నీళ్లు పడితే నార అడ్డంగా ఉంటుంది, పైగా దాని మీద సన్‌మైకా కూడా ఉంటుంది. కోసిన అంచు దగ్గర సగం పొరల నార నోళ్లు తెరుచుకుని బయటికి ఉంటాయి. అందుకే అడుగు అంచు, సింకు పైపు కోసం కోసిన కంత, హింజు కోసం తవ్విన గుంట, వెనక గోడకి ఆనిన అంచు, వీటి దగ్గరే పాడవడం మొదలవుతుంది. కంటికి కనపడే అంచుకి మేస్త్రి బీడింగో ఎడ్జ్ బ్యాండో కొడతాడు. కనపడని అంచులని చాలా పనుల్లో అలాగే వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఒక కప్‌బోర్డు ఎన్నేళ్లు నిలుస్తుందనేది గ్రేడు కంటే ఈ కనపడని అంచుల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. వాటికి ప్రైమరో వార్నిషో పట్టించే ఖర్చు షీటు ధరతో పోలిస్తే లెక్కలోకి కూడా రాదు.

తర్వాత మందు సంగతి. చెక్కలో చెమ్మ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టించే శిలీంధ్రాలు పెరగలేవు. విశాఖ గాలి ఒక్కటే చెమ్మని అంతదూరం తీసుకెళ్లదని పైన లెక్కలో చూశాం, 15 శాతం దగ్గర ఆగుతుంది. అది దాటాలంటే నీళ్లు నేరుగా తగలాలి. మన అపార్ట్‌మెంట్లలో అలా తగిలే చోటు సముద్రం వైపు గోడ కంటే ఎక్కువగా బాత్రూమ్ గోడ. బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ వెనకే బాత్రూమ్ ఉండి, టైల్స్ సందుల్లోంచి చెమ్మ గోడలోకి దిగుతుంటే, వార్డ్‌రోబ్ వెనక పలక ఏళ్ల తరబడి తడిగా ఉంటుంది. బట్టలకి బూజు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఐఎస్ 710 చెక్కకి రక్షణ మందు పట్టించాలని కూడా చెబుతుంది, ఎంఆర్‌తో పోలిస్తే ఇక్కడ దానికి నిజమైన మొగ్గు ఉంది. కానీ గోడలోంచి వచ్చే నీళ్లని ఏ ప్లైవుడ్డూ ఆపలేదు.

చెదల విషయమూ ఇంతే. ఫినాల్ జిగురు ఎంత గట్టిదైనా చెదలు దాని పక్కనున్న చెక్కని తింటాయి. వాటిని ఆపేది మందు. చెక్కని లోపల్నుంచి పిండి చేసే బోరర్ పురుగు ఇంకో రకం. పిండి పదార్థం ఎక్కువగా ఉండే రబ్బరు చెక్క లాంటివంటే దానికి ఇష్టం. కప్‌బోర్డు కింద సన్నటి పొడి కుప్పలు కనిపిస్తే అది వచ్చిందని గుర్తు.

మరి ఉప్పు గాలి? బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, భీమిలి వైపు ఇళ్లలో దాని దెబ్బ ముందు తగిలేది హింజులకి, స్క్రూలకి. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టి దాని చుట్టూ చెక్క నల్లబడి, కంత వదులవుతుంది. డోరు వాలిపోతే ప్లైవుడ్ పోయిందంటారు, ఎక్కువసార్లు పోయింది స్క్రూ. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 కంటే 316 రకం ఉప్పుని ఎక్కువ తట్టుకుంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్నో ఇళ్ల కిటికీలు పగిలి వాన లోపలికి కొట్టింది. అలాంటి రోజుల్లో గ్రేడు తేడా స్పష్టంగా బయటపడుతుంది. తడిసి, మెల్లగా ఆరిన 710 షీటు మళ్లీ పనికొచ్చే అవకాశం ఎక్కువ. ఎంఆర్ షీటు అలా తడిస్తే పొరలుగా లేచిపోవచ్చు. ఒక్కసారి పడి ఆరిపోయే నీళ్లకి జిగురు ముఖ్యం, రోజూ ఊరే నీళ్లకి చెక్క, మందు, అంచు ముఖ్యం.

గర్జన్, జామాయిల్, బరువు

"ఇది గర్జన్ అండీ, బరువు చూడండి" అనే మాట షాపులో తప్పకుండా వినిపిస్తుంది. గర్జన్ గట్టి చెట్టు, ప్లైవుడ్‌కి మంచి పేరున్న చెట్టు. ఒకప్పుడు మయన్మార్ నుంచి దుంగలుగా వచ్చేది. 2014 ఏప్రిల్ నుంచి ఆ దేశం దుంగల ఎగుమతిని ఆపేసింది. అంతకుముందే, 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అడవుల్లో చెట్ల నరికివేత మీద గట్టి ఆంక్షలు వచ్చి, ఈశాన్య రాష్ట్రాల్లోని ప్లైవుడ్ మిల్లులు బాగా దెబ్బతిన్నాయి. పరిశ్రమ హర్యానాలోని యమునానగర్, కేరళలోని పెరుంబావూర్ లాంటి చోట్ల బలపడింది, చెట్లు అడవి నుంచి పొలానికి మారాయి. ఉత్తరాదిలో పోప్లర్, జామాయిల్, దక్షిణాదిలో రబ్బరు చెక్క, సిల్వర్ ఓక్, మలబార్ వేప, జామాయిల్. మన ఉత్తరాంధ్రలో రోడ్డు పక్కన కనిపించే జామాయిల్ తోటల జాతి చెక్కే దేశంలో చాలా షీట్ల కడుపులో ఉంటోంది.

కాబట్టి పైన గర్జన్ పొర ఉన్నంత మాత్రాన లోపలంతా గర్జన్ అనుకోవడానికి లేదు. ముఖం ఎర్రగా ఉండటం అంతకంటే ఏమీ చెప్పదు, రంగు పూస్తారు.

బరువు లెక్క ఇలా ఉంటుంది. 19 మిల్లీమీటర్ల 8x4 షీటు ఘనపరిమాణం సుమారు 0.057 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 500 కిలోలు తూగే తేలిక చెక్క అయితే షీటు 28 కిలోల దగ్గర, 700 కిలోలు తూగేదైతే 40 కిలోల దగ్గర ఉంటుంది. బరువు చెక్కలో స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి "బరువుంటే మంచిది" అనే నమ్మకంలో నిజం ఉంది. అయితే సరిగ్గా ఆరని షీటు కూడా బరువుగానే ఉంటుంది. ప్రమాణం ప్రకారం చెమ్మ 5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. ఇక లోపలి పొరల మధ్య ఖాళీలు ఉన్నాయా లేదా అన్నది బరువుతో పూర్తిగా తేలదు. కోసిన అంచులో నల్లటి రంధ్రాలుగా అవి కంటికే కనిపిస్తాయి. ఆ రంధ్రంలోకి దిగిన స్క్రూకి పట్టు ఉండదు.

అర ఎందుకు వంగుతుంది

గ్రేడు గురించి గంటలు మాట్లాడతాం గానీ మందం, పొడవు గురించి తక్కువ మాట్లాడతాం. పుస్తకాల అర కిందికి వంగిందంటే దానికి ఏ జిగురూ కారణం కాదు. పలక గట్టితనం మందం ఘనంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల నుంచి 18కి వెళ్తే మందం ఒకటిన్నర రెట్లే, గట్టితనం మూడు రెట్లకు పైన. అడుగుకి ఇన్ని కిలోలని ఒకే తీరున పుస్తకాలు పేర్చిన అరని 2 అడుగుల నుంచి 3 అడుగులకి పొడిగిస్తే వంపు ఐదు రెట్లు అవుతుంది. పై పొర నార అర పొడవు వెంట ఉంటే ఇంకాస్త గట్టిగా ఉంటుంది. షీటు వృథా కాకుండా కోయాలని అడ్డదిడ్డంగా కోస్తే ఆ లాభం పోతుంది.

ఇల్లంతా 710 వేయాలా

మేస్త్రి వాదన తీసిపారేసేది కాదు. లెక్క కోసం 710 చదరపు అడుగు 110 రూపాయలు, ఎంఆర్ 70 రూపాయలు అనుకుందాం. 32 చదరపు అడుగుల షీటుకి 18 శాతం జీఎస్టీ కలిపితే 710 సుమారు 4,154 రూపాయలు, ఎంఆర్ 2,643 రూపాయలు. నాలుగు షీట్ల వార్డ్‌రోబ్‌కి తేడా 6,000 చిల్లర. అదే వార్డ్‌రోబ్‌కి కూలీ, సన్‌మైకా, హార్డ్‌వేర్ కలిపి 30,000 అవుతుందనుకుంటే, ఆ పనంతా ఆరు వేల దగ్గర రిస్కులో పెట్టడం ఎందుకంటాడు ఆయన. షోరూమ్ వాళ్లు ఇంటి మొత్తాన్ని చూపిస్తారు. 40 షీట్లు పడితే తేడా 60,000 దాటుతుంది. నీళ్లు తగలని బెడ్‌రూమ్ లాఫ్టుకి, టీవీ యూనిట్‌కి ఆ డబ్బు పెట్టడంలో అర్థం లేదంటారు. వంటింటికి, వాష్ ఏరియాకి 710, మిగతా చోట్ల మంచి ఎంఆరో బీడబ్ల్యూఆరో వేయించి, బాత్రూమ్ గోడకి ఆనుకున్న పలకలకి మాత్రం 710 వాడేవాళ్లూ ఉన్నారు. రెండు వాదనలూ ఒప్పుకునే సంగతి ఒకటుంది, సింకు దగ్గర ఎంఆర్ పనికిరాదు.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు చెక్క పీచుతోనూ పొట్టుతోనూ చేసేవి. నునుపు, చవక, మెషీన్ కటింగ్‌కి అనువు. నీళ్లు తగిలితే ఉబ్బుతాయి, ఆరినా పాత మందానికి రావు. ఎక్కువ సాంద్రతతో, తేమకి ఆగే జిగురుతో వస్తున్న హెచ్‌డీహెచ్‌ఎంఆర్ రకం వీటికంటే నయం, కానీ అదీ నీళ్లలో నానడానికి చేసింది కాదు. పీవీసీ, డబ్ల్యూపీసీ (చెక్క పొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసే) బోర్డుల్ని చెదలు ముట్టవు, నీళ్లు ఏమీ చేయవు. పొడవాటి అరలకి వాడితే బరువుకి ప్లైవుడ్ కంటే త్వరగా వంగుతాయి, స్క్రూ పట్టు కూడా రకాన్ని బట్టి మారుతుంది. సింకు కింద డబ్బాకి బాగుంటాయి, ఆరడుగుల డోరుకి అంత నమ్మకంగా చెప్పలేం.

ఐఎస్ఐ ఉత్తర్వు మార్చింది ఏమిటి

ఇదివరకు ఐఎస్ఐ మార్కు తీసుకోవడం కంపెనీ ఇష్టం. క్వాలిటీ కంట్రోల్ ఉత్తర్వు తర్వాత, దాని పరిధిలోకి వచ్చే ప్లైవుడ్, ఫ్లష్ డోర్లు ఆ మార్కు లేకుండా తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం చట్టవిరుద్ధం. చిన్న, సూక్ష్మ యూనిట్లకి కొన్ని నెలలు అదనంగా గడువిచ్చారు. పెద్ద కంపెనీలు దీన్ని స్వాగతించాయి, నాసిరకం చవక సరుకుతో పోటీ తగ్గుతుందని. చిన్న మిల్లుల బాధ వేరు. సొంత ల్యాబు, పరీక్షల ఖర్చు, లైసెన్సు ఫీజు తక్కువ సరుకు తీసేవాళ్ల మీద బరువుగా పడతాయి. కొనేవాళ్లకి కనీస భరోసా పెరిగింది, బాగా చవక రకం దొరకడం కష్టమైంది.

ముద్రలో చూడాల్సింది రెండు నంబర్లు. గుర్తు పైన ప్రమాణం నంబరు ఉంటుంది, 303 అయినా 710 అయినా. కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ లైసెన్సు ఏ కంపెనీది, ఏ సరుకుకి, ఇప్పుడు చెల్లుతోందా అన్నది ఈ మార్కు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కనిపిస్తుంది. ఎంఆర్ షీటు మీద కూడా ఐఎస్ఐ మార్కు న్యాయంగానే ఉంటుంది కాబట్టి, "ఐఎస్ఐ ఉంది కదా" అన్న సమాధానంతో అది 710 అయిపోదు.

కొత్త కప్‌బోర్డు వాసన

తలుపు తెరవగానే కళ్లు మండించే వాసన ఫార్మాల్డిహైడ్‌ది. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. యూరియా జిగురు నుంచి ఇది ఎక్కువగా, ఎక్కువ కాలం వస్తుంది, ఫినాల్ జిగురు నుంచి బాగా తక్కువ. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వదులుతుంది. తలుపులు మూసి ఏసీ వేసుకునే ఫ్లాట్లలో ఇది ఆలోచించాల్సిన సంగతే. ఈ0, ఈ1 అనేవి ఎంత తక్కువ వెలువడుతుందో చెప్పే తరగతులు, వీటికీ నీళ్లు తట్టుకోవడానికీ సంబంధం లేదు. పనిలో వాడిన అతుకుడు జిగురు, పాలిష్ వాసన వేరే, అవి షీటు తరగతిలోకి రావు.

గ్యారంటీ కార్డు పరిధి

షీటుతో పాటు ఇచ్చే పాతికేళ్ల గ్యారంటీ, జీవితకాల గ్యారంటీ కార్డుల్లో చాలావరకు ఒకే తీరు షరతులుంటాయి. తయారీ లోపం వల్ల పొరలు ఊడితేనో, చెదలో బోరరో పడితేనో వర్తిస్తుంది. గోడ చెమ్మ, నిలవ నీళ్లు, తప్పుగా బిగించడం అందులోంచి తీసేస్తారు. బిల్లు ఉండాలి, షీటు మీద ముద్ర చెరగకూడదు. కోసి సన్‌మైకా అతికించాక ముద్ర ఎక్కడ కనిపిస్తుందన్నది ఇబ్బందే, అందుకని కొందరు కోయకముందే షీటు ఫొటో తీసి బిల్లుతో ఉంచుకుంటారు. క్లెయిమ్ ఒప్పుకున్నా ఇచ్చేది కొత్త షీటో దాని ధరో మాత్రమే. పై లెక్క ప్రకారం వార్డ్‌రోబ్‌లో రెండు షీట్లు పాడైతే చేతికొచ్చేది 8,300 రూపాయల దగ్గర సరుకు. దాన్ని విప్పి, మళ్లీ కోసి, కొత్త సన్‌మైకా వేసి బిగించే కూలీ ఇంటివాళ్లదే.